షావుకారు వడ్డీకి చదువు చెప్పే లెక్క

భద్రాచలం: తొలకరి పడగానే ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో విత్తనాలకు అప్పు వెతుకులాట మొదలవుతుంది. షావుకారు నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షల లోపు పంట రుణం గడువులోగా తీర్చిన రైతుకు ప్రభుత్వ రాయితీ పోను బ్యాంకులో పడేది 4 శాతమే. ఇంత తేడా ఎందుకన్నది విశ్వవిద్యాలయాల్లో స్థూల అర్థశాస్త్రం చదివేవారి ముందున్న ప్రశ్న.

ధరలు మండితే రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పుపై వడ్డీని, అంటే రెపో రేటును పెంచుతుంది. అప్పు ప్రియమైతే కొనుగోళ్లు తగ్గి ధరలు దిగుతాయని లెక్క. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు ఆ రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. పట్నాల్లో ఇంటి అప్పుల వాయిదాలు బరువెక్కాయి.

రేటు తగ్గినా షావుకారు తగ్గించాలని లేదు. పట్టా లేని పోడు రైతుకు బ్యాంకు పంట రుణం దొరకడం కష్టం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2023లో తెలంగాణలో పోడు పట్టాలు పంచారు. పట్టా ఉంటే బ్యాంకు గడప తొక్కే దారి దొరుకుతుంది.

వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయానికి వెళ్లలేనివారికి 1982లో పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే నేటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం, తెలుగులోనే ఈ చదువు చెబుతోంది. కడప జిల్లా పల్లెలో పుట్టిన వై.వి. రెడ్డి అర్థశాస్త్రం చదివి 2003లో రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. ఢిల్లీ, బొంబాయి నిర్ణయాలు ఏ ఊరి పొలిమేరలో ఆగిపోతున్నాయో ఆ ఊరి బిడ్డకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. అలాంటి బిడ్డ చదవవలసిన చదువు ఇది.