పాత సిలిండర్: మళ్లీ పరీక్షా, కొత్తదా?

గ్యాస్ సిలిండర్ ఇంటికి రాగానే సీలు చూస్తాం, బరువు చూస్తాం. పైన గుండ్రటి పిడిని పట్టుకుని నిలబడ్డ మూడు పట్టీల లోపలి వైపు కూడా చూడాలి. ఒకదాని మీద ‘బి-29’ లాంటి గుర్తుంటుంది. ఏడాదిని మూడేసి నెలల చొప్పున ఏ, బి, సి, డి అని విడదీశారు. బి-29 అంటే 2029 జూన్ ముగిసేలోగా ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాలి. ఆ తేదీ దాటగానే పేలిపోతుందన్న భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. అయినా గడువు దాటినదాన్ని తీసుకోకండి, మార్చి ఇమ్మనండి. అది మీ హక్కు.

ఉక్కును పాడుచేసేది వయసు కాదు; తుప్పు, సొట్ట, మంట. అందుకే కొత్త సిలిండర్‌కు పదేళ్లకు, ఆపైన ఐదేళ్లకోసారి పరీక్ష చేస్తారు. గ్యాసంతా తీసేసి, నీళ్లు నింపి, చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడి పెడతారు. మండు వేసవిలోనూ లోపలి గ్యాసు ఒత్తిడి అందులో సగానికి చేరదు. గాలితో కాక నీటితోనే ఎందుకు? గాలిని నొక్కితే శక్తి అందులో పోగుపడి, సిలిండర్ పగిలిన క్షణాన పేలుడై బయటికొస్తుంది. నీరు దాదాపు కుంచించుకోదు కాబట్టి పగులు నుంచి చిమ్మి ఊరుకుంటుంది.

నాకు బాగా నచ్చేది తూకం పరీక్ష. ఖాళీ సిలిండర్ అసలు బరువు పట్టీ మీదే ఉంటుంది. అందులో ఐదు శాతానికి మించి తగ్గిందంటే ఆ మేర ఉక్కును తుప్పు తినేసినట్టే. 16 కిలోలదైతే 800 గ్రాములు. అలాంటిదాన్ని మళ్లీ అతకడానికి వీల్లేకుండా ముక్కలు చేయాలని, లేదా అణగగొట్టాలని నిబంధన.

మన దగ్గర ఈ బాధ్యత గ్యాస్ కంపెనీది. అమెరికాలో పెరటి గ్రిల్లుకు ప్రొపేన్ ట్యాంకు కొనుక్కున్న తెలుగువాళ్లకు మాత్రం ఎంపిక తమదే. అక్కడ తొలి గడువు పన్నెండేళ్లు. ఆ తర్వాత కంటితో తనిఖీ చేసి ముద్ర వేస్తే మరో ఐదేళ్లు నింపించుకోవచ్చు. 20 పౌండ్ల చిన్న ట్యాంకైతే పరీక్ష రుసుము, కొత్తదాని ధర పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. వంద పౌండ్లదానికి పరీక్షే మేలు. అడుగు రింగు లోపల నీరు నిలిచి తుప్పు గుంతలు పడితే బేరమే వద్దు, కొత్తది కొనాలి. చిన్న ట్యాంకు వాల్వుకు మూడు మూలల పిడి లేకపోయినా అంతే: మోతాదు మించి నిండకుండా ఆపే ఏర్పాటు లేని ఆ పాత వాల్వులున్నవాటిని 2002 ఏప్రిల్ నుంచి అక్కడ నింపకూడదు.