తెల్లరంగు వాడితే తప్పేమిటి?

వాటర్ కలర్ నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే ఒక నియమం చెబుతారు: తెల్లరంగు ముట్టుకోవద్దు, కాగితం తెలుపే తెలుపు. నియమం మంచిదే. పలచటి రంగుపొర గుండా వెలుగు కాగితం దాకా వెళ్లి తిరిగొస్తుంది. ఆ బొమ్మల అందమంతా అందులోనే ఉంది. కానీ దాన్నే వేదంగా పట్టుకుంటే మంచిర్యాల చుట్టుపక్కల ప్రకృతిని సగమే గీయగలం. మిగతా సగానికి ఇంకూ గ్వాషూ కావాలి. గ్వాష్ అనగానే బెదరక్కర్లేదు, అదీ బంకతో చేసిన నీటిరంగే. రంగుపొడి ఎక్కువ, కొన్నిట్లో సుద్ద కూడా కలుస్తుంది, అందుకే కింది పొరను కప్పేస్తుంది. బళ్లో పిల్లలు వాడే పోస్టర్ కలర్ దానికి దగ్గరి చుట్టమే.

ఫిబ్రవరి, మార్చిల్లో జన్నారం అడవి దారుల్లో ఆకు రాల్చిన మోదుగలు పూస్తాయి. ఒక్క పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. కింద గిన్నె నలుపు తిరిగిన గోధుమరంగు. అందులోంచి చిలుక ముక్కులా వంగిన నారింజ రేకులు. రేకుల వెలుపలి వైపు సన్నటి వెండి నూగు. గిన్నె అంచు ఇంకుతో తేలుతుంది, రేకుల్లోని వెలుగు వాటర్ కలర్‌తో వస్తుంది. నూగు సంగతేమిటి? కాగితాన్ని తెల్లగా వదిలేద్దామంటే ప్రతి వెంట్రుక చుట్టూ కుంచె తిప్పాలి; ఈలోగా రేకు ముక్కచెక్కలవుతుంది. ఆరిన రంగు మీద తెల్ల గ్వాష్‌ను దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఒక్కసారి తాకిస్తే చాలు. శివారం అభయారణ్యంలో ఎండకు పడుకున్న మొసలి తడి వీపు మీది మెరుపులకూ ఇదే మందు.

ఇది మోసం, శుద్ధమైన పద్ధతి కాదు అనేవాళ్లున్నారు. ఆ శుద్ధి పట్టింపు తర్వాత వచ్చిందే. జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ 1502లో వేసిన కుందేలు బొమ్మలో పారదర్శక రంగూ, కప్పే రంగూ రెండూ ఉన్నాయి. అంత దూరం ఎందుకు, 1780లలో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన చిత్రకారుల చేతనే మొక్కల బొమ్మలు వేయించాడు. వాటి ఆధారంగా 1795 నుంచి లండన్‌లో వెలువడ్డ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో టేకూ, మోదుగా ఉన్నాయి. గీసినవాళ్ల పేర్లు మాత్రం అచ్చులోకి ఎక్కలేదు. ఆ కాలపు కంపెనీ చిత్రాల్లో మన దట్టమైన రంగూ, ఐరోపా పలచటి రంగూ కలిసే కనిపిస్తాయి. ఒకే పుటలో మొగ్గ, పువ్వు, కాయ, గింజ కూడా చూపారు. ఫొటో ఉండగా బొమ్మెందుకు అనే ప్రశ్నకు ఇదే జవాబు: మోదుగ పువ్వూ, ముదిరిన కాయా ఒకే రోజు కెమెరాకు దొరకవు.

వాతావరణమూ ఈ వైపే మొగ్గుతుంది. ఎండాకాలంలో ఇక్కడ 44 డిగ్రీలు మామూలే. తడి మీద తడి రంగు పారించాలనుకుంటే రెండో కుంచె అందుకునేలోగా మొదటిది ఆరిపోయి అంచు గీత పడుతుంది. అలాంటి గీతల్ని గ్వాష్ కప్పుతుంది.

గ్వాష్ వేస్తే బొమ్మ సుద్దసుద్దగా, బురదగా మారుతుందన్న ఫిర్యాదు మాత్రం నిజమే. ఆరిన గ్వాష్ మీద తడి కుంచె పెడితే మళ్లీ కరిగి కలిసిపోతుంది, బురదకు కారణం అదే. కాబట్టి ముందు నీటికి చెదరని ఇంకు, అది బాగా ఆరాక వాటర్ కలర్, చివర్లో కొద్ది చోట్ల మాత్రమే గ్వాష్. బొగ్గు బెల్టులో ఉన్నాం కదా అని బొగ్గు నూరి ఇంకు చేద్దామనుకోకండి. నల్ల ఇంకుకు కావలసింది మసి, ఎంత నూరినా బొగ్గుపొడి అంత మెత్తగా రాదు, అడుగున పేరుకుపోతుంది. హోలీకి మోదుగ పూలు నానబెట్టి తీసే రంగుతో మోదుగనే గీయాలన్న సరదా కూడా కొందరికి ఉంటుంది. గోడకు తగిలించే బొమ్మకు అది పనికిరాదు, వెలుతురుకు వెలిసిపోతుంది. ట్యూబు మీద వెలుతురుకు నిలిచే గుణం ఎంతో చూసి, మంచి నారింజ రంగు ఒక్కటి కొనుక్కోవడం మేలు.