రాక్షస గుళ్ళలోని మనుషులెవరు?

హైటెక్ సిటీకి సమీపాన, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో పెద్దపెద్ద రాళ్ళు పేర్చిన సమాధులు బయటపడ్డాయి. ఇటువంటివాటిని మన పల్లెల్లో రాక్షస గుళ్ళంటారు. రాక్షసులెవరూ కారు, రెండువేల ఏళ్ళకు పూర్వమే ఇక్కడ కాపురమున్న మనుషులే. ఆచార్య కె.పి. రావుగారు తవ్వించగా కుండలూ, ఇనుప పనిముట్లూ దొరికినవి.

ఆ వస్తువులను చూచి వారి బ్రతుకు తీరు ఊహించవచ్చును. కాని వారెవరు? మనకేమవుతారు? ఆ సంగతి ఎముకే చెప్పాలి. తల్లిదండ్రులనుంచి బిడ్డకు సంక్రమించే డి.ఎన్.ఏ., ప్రాణం పోయిన తర్వాత తునాతునకలవుతుంది. అయినా పుర్రెలో లోపలిచెవి చుట్టూ వుండే గట్టి ఎముకలో ఒక్కొక్కప్పుడు కొంత మిగులుతుంది. శాస్త్రజ్ఞులు ఆ ఎముకను పొడిచేసి, దొరికిన తునకలను నేటి జనుల డి.ఎన్.ఏ.తో పోల్చి చూస్తారు. తమ చర్మపు పొలుసు రాలినా లెక్క తప్పవచ్చును గనుక, నిలువెల్లా ముసుగు వేసుకుని మరీ పనిచేస్తారు.

ఈ విద్య మన హైదరాబాదుకు కొత్తకాదు. హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, తంగరాజ్‌గారూ వారి సహచరులూ, హిమాలయాలలోని రూప్‌కుండ్ సరస్సువద్ద దొరికిన అస్థికలను పరీక్షించారు. నందాదేవి ఆగ్రహించగా ఒక రాజూ, పరివారమూ ఒక్కసారే వడగళ్ళవానలో నశించారని అక్కడి ఐతిహ్యం. 2019లో తేలినదేమిటి? 38 మందిలో 23 మంది మన దేశపువారు, 14 మంది మధ్యధరా సముద్ర ప్రాంతంవారు, ఒకరు ఆగ్నేయాసియావారు. పైగా మనవారి మరణాలకూ, మధ్యధరావారి మరణాలకూ నడుమ సుమారు వెయ్యేళ్ళ ఎడం!

అది మంచుకొండ కనుక సాధ్యమయింది. ఎండలు మండే నేలలో డి.ఎన్.ఏ. నిలవడమే అరుదు. హర్యానాలోని రాఖీగఢీలో 61 నమూనాలు వెదికితే, ఒక్క స్త్రీ ఎముక మాత్రమే పలికింది. 2019లోనే వెలువడిన ఆ ఫలితంవల్ల, సింధునాగరికతవారి వంశధార నేటి భారతీయులలో చాలామందిలో వున్నదని తెలిసింది.

ఒక్క ఎముక అంత కథ చెప్పగలిగినప్పుడు, ఒక్క సమాధి పోయినా నష్టమే. గండశిలలు పేల్చి మేడలు లేపుతున్న ఈ ప్రాంతంలో యంత్రం దిగితే, కుండపెంకైనా మిగులుతుందేమోగాని ఎముక మిగలదు.

కాబట్టి స్థలం చదును చేయించేటప్పుడు గుండ్రంగా పేర్చిన రాళ్ళు కనిపిస్తే, లంకెబిందెలకోసం తవ్వించవద్దు. పురావస్తుశాఖవారికి కబురు చేయండి. ఎముకలుంటే చేతితో ముట్టవద్దు, మన డి.ఎన్.ఏ. వాటికంటుకుంటే, వారి కథలో మన కథ కలిసిపోతుంది.