మూగజీవాలు – మన పొరపాట్లు

మూగజీవాలకు మన చేతులమీదుగా జరిగే కీడు చాలావరకు ప్రేమవల్లనే జరుగుతుంది. నోరు వచ్చిన బిడ్డ కడుపునొప్పి అని ఏడుస్తుంది. ఆవు చెప్పలేదు గదా! అందుచేత జరిగిన సంగతి మనకు తెలిసేసరికి వేళ మించిపోతుంది.

కనుమపండుగే తీసుకుందాం. తమిళనాట ఉన్న మనవారు దానినే మాట్టుప్పొంగల్ అంటారు. ఆనాడు ఆవుకు పసుపు కుంకుమలు పెట్టి పొంగలి తినిపించడం ఆచారం. పిడికెడు పెడితే ముచ్చటే. కాని ఇంట్లో తలా ఒక పళ్ళెం, పొరుగువారు మరొకటి, మిగిలినదంతా తొట్టిలో – ఇలా బుట్టెడు అన్నం ఒక్కపూటలో పోతే ప్రాణంమీదికి వస్తుంది. ఆవు పొట్టలో నాలుగు అరలున్నాయి. మొదటి పెద్ద అరలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి అరిగిస్తాయి. గడ్డికి అలవాటుపడిన ఆ అరలోకి ఒక్కసారిగా అన్నమో, పిండో, ధాన్యమో ఎక్కువగా చేరితే లాక్టిక్ ఆమ్లం పుట్టి పులుపు ఎక్కిపోతుంది. ఆవు నెమరు మానుతుంది. పొట్ట బిగుస్తుంది, పేడ పలచబడుతుంది, నడక తూలుతుంది. ఉపేక్షిస్తే ఒకటి రెండు రోజులలో చనిపోవచ్చు.

రెండవ పొరపాటు ఇంటివైద్యంలో జరుగుతుంది. పశువు తల పైకెత్తి, నాలుక బయటికి లాగిపట్టి, గొట్టంతో నూనె పోస్తారు. నాలుక పట్టుకుంటే పశువు సరిగా మింగలేదు. నూనె ఊపిరితిత్తులలోకి దిగి న్యుమోనియా వస్తుంది. పిల్లికి జ్వరమని మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ళ వేయడమూ ఇటువంటిదే. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలదు. ఒక్క బిళ్ళతో ప్రాణం పోవచ్చు. దీనికి విరుగుడు మందు ఉంది గాని, వెంటనే పడాలి.

ఆ “వెంటనే” అన్నచోటే మనం ఓడిపోతున్నాం. అత్తగారు కోప్పడతారని కోడలు, పనిలోనుంచి తీసేస్తారని పాలేరు, దెబ్బలు పడతాయని పిల్లవాడు నోరు మెదపరు. వైద్యుడు వచ్చి ఏం తిన్నదని అడిగితే రోజూ పెట్టేదే అంటారు. దానితో వైద్యం దారి తప్పుతుంది. ఏమి పెట్టారు, ఎంత పెట్టారు, ఏ వేళకు పెట్టారు – ఈ మూడూ ఉన్నదున్నట్టు చెప్పాలి. బిళ్ళల అట్ట ఉంటే చూపాలి. పశువుల ఆసుపత్రి దూరమైనవారు 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. చాలా రాష్ట్రాలలో సంచార పశువైద్యవాహనం వస్తుంది.

కచేరీ లెక్కలలో అంకె తప్పితే దానిమీద గీత గీసి, సరైన అంకె వేసి, పక్కన పొడిసంతకం పెడతారు. గీకి చెరిపితే అదే నేరం. ఇంటి పొరపాటుకూ ఇదే పద్ధతి మంచిది. ఒప్పుకున్నవారిని పెద్దలు తిట్టరాదు. ఈసారి తిడితే మరుసారి దాస్తారు.

ఇంత చేసినా ఒక్కొక్కప్పుడు పశువు దక్కదు. నా చేతులతో చంపుకున్నానని లోలోపల కుమిలేవారుంటారు. అటువంటివారితో “పశువేగా, పోనీ” అనకండి. గోవుకు శ్రద్ధగా చికిత్స చేస్తూండగా అది మరణిస్తే ప్రాయశ్చిత్తం అక్కరలేదని మన ధర్మశాస్త్రకారులు చెప్పారు. శ్రద్ధ ఒక్కటే వారు పెట్టిన షరతు. నాలుగు రోజులు ఏడవనివ్వండి. ఆ తరువాత కొత్త దూడ వచ్చినపుడు దాని మేత, దాణా కొలత వారి చేతికే అప్పగించండి. పండుగ పొంగలి పిడికెడే పెట్టాలని, అదీ ఒక్కరే పెట్టాలని ఇంటిల్లిపాదికీ వారే చెబుతారు.