తులసీదాస్ బలరామ్

ఫుట్‌బాల్ ఆటలో ఒక్కొక్క జట్టునందు పదునొకండుగురు ఆటగాండ్రుందురు. వారిలో ముందువరుసను నిలిచి, ప్రతిపక్షపు గోలులోనికి బంతిని పంపు భారమును వహించువారిని ఫార్వర్డులందురు. వీరి పని చూచుటకు సులభము. చేయుటకు కడు కష్టము. తొంబది నిమిషముల ఆటలో మంచి అవకాశములు రెండుమూడింటికంటె ఎక్కువ రావు. వచ్చినదియు ఱెప్పపాటులో జారిపోవును. తెలుగుగడ్డపై పుట్టి, ఆసియాఖండమంతట పేరుగాంచిన ఫార్వర్డు తులసీదాస్ బలరామ్.

ఇతడు 1936వ సంవత్సరమున సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడ గ్రామమున పేద కుటుంబమునందు జన్మించెను. ఆ గ్రామము సైనిక శిబిరములకు చేరువ. సైనికుల ఆటను చూచి బాలుడు బంతి తన్నుట నేర్చెను. బూట్లు కొనుటకు డబ్బు లేదు. పోలీసులు వాడి విడిచిన పాత బూట్లను బాగుచేయించుకొని ఆడెనని చెప్పుదురు. నెల్లూరు సీమలోని మైపాడు తీరమున ఇసుకపై ఆడు పిల్లలకు బూట్లతో పనిలేదు. తడిసిన పచ్చికపై అట్లు కాదు, ఉత్తకాలు జారును. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో మన ఆటగాండ్రు పెక్కుమంది ఉత్తకాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడిరి. అటుపిమ్మట మన జట్టుకు బూట్లు తప్పనిసరియైనవి.

బలరామ్‌ను గుర్తించినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఒకప్పుడు బడిపంతులైన ఈయన భారత జట్టునకు శిక్షకుడు. హైదరాబాదునకు వచ్చిపోవుటకు తనకు డబ్బులేదని బలరామ్ చెప్పగా, రహీమ్ అద్దె సైకిలు ఏర్పాటు చేసెనట! నలుగురు వెనుకను, ఇద్దరు నడుమను, నలుగురు ముందును నిలుచు వ్యూహమును రహీమ్ మన జట్టుకు అలవరచెను. నడుమ నున్నవారు ఇద్దరే గనుక, ఫార్వర్డు గోలుకడ కాచుకొనియున్న చాలదు. వెనుకకు వచ్చి బంతిని తానే కొనిపోవలెను. ఎడమ అంచునను, నడుమను సమానముగా ఆడగల బలరామ్‌కు ఈ పద్ధతి బాగుగా నప్పెను.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు నాలుగవ స్థానమును పొందెను. నాటి జట్టులో బలరామ్ ఒకడు. 1957లో అతడు కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్బునకు ఆడసాగెను. 1961లో దానికి నాయకుడయ్యెను. 1960లో రోము నగరమున బలిష్ఠమైన హంగరీ జట్టుపై ఒకటి, పెరూపై ఒకటి గోలు చేసెను. ఆ రెండు ఆటలలోను మనవారు ఓడిరి. అయినను హంగరీతో 2-1 తేడాకు నిలుచుట చిన్న విషయము కాదు.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. పిమ్మట థాయిలాండు, జపాను, దక్షిణ వియత్నాము జట్లను గెలిచి మనవారు తుదియాటకు చేరిరి. జపానుపై రెండు గోలులలో ఒకటి బలరామ్‌ది. తుదియాటలో మరల కొరియాయే ఎదురయ్యెను. ఇజ్రాయేలు, తైవానులను ఆ క్రీడలకు రానీయకపోవుటను భారతీయుడైన గురుదత్ సోంధీ ఖండించినందున అచటి జనులు మనపై ఆగ్రహించియుండిరి. సెప్టెంబరు 4న దాదాపు లక్షమంది హేళన చేయుచుండగా మనవారు ఆడిరి. జర్నైల్ సింగ్ తలకు కట్టుతోనే ఫార్వర్డుగా నిలిచెను. పి. కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి గోలు చేయగా భారతదేశము 2-1తో స్వర్ణపతకమును గెలిచెను. ఆ క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మనకు మరల దక్కలేదు. ఆ యేడే బలరామ్‌కు అర్జున పురస్కారము లభించెను.

నేడు నైజీరియా వంటి దేశముల ఫార్వర్డులు ఐరోపా క్లబ్బులకు ఆడి కోట్లు గడించుచున్నారు. ఆనాటి మన ఆటగాండ్రలో పెక్కుమందికి రైల్వే ఉద్యోగమో, పోలీసు కొలువో ఆధారము. 1963లో బలరామ్ బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టున చేరెను. ఆ యేడే రహీమ్ క్యాన్సరు వ్యాధితో మరణించెను. బలరామ్‌కును ఊపిరితిత్తుల వ్యాధి సోకెను. ఇక పరుగెత్తరాదని వైద్యులనగా, 27వ యేటనే అతడు ఆట విడిచెను. పిమ్మట హుగ్లీ నదీతీరమున ఉత్తర్‌పారాలో పెక్కేండ్లు నివసించి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూసెను.