సైకిలుపై పాదబంధము

సైకిలు త్రొక్కు స్త్రీని చూచి వీథియంతయు నిలిచిపోవు దినములు మన ఉత్తర తెలంగాణమున గతించినవి. బడికి పోవు బాలికలు, పొలమునకు సద్దిమూట కొనిపోవు గృహిణులు, ఆరోగ్యమునకై తెల్లవాఱుజామున గేరుసైకిళ్ళపై బయలుదేఱు ఉద్యోగినులు మనకు పరిచితులే. ఈ కడపటివారు కొందఱు కరీంనగరమునుండి సుమారు 35 కిలోమీటర్ల దూరమున, జగిత్యాల మార్గమునందున్న కొండగట్టు వఱకు పోయి, అంజన్న దర్శనము చేసికొని మఱలుచుందురు. అట్టివారి పాదములకు క్రొత్త బంధమొకటి ఏర్పడినది. దానిని క్లిప్‌లెస్ పెడలు అందురు. అది మనకు తగునా, తగినచో ఎట్లు అలవఱచుకొనవలయునను విషయమును సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

పేరులోనే చిక్కున్నది. పూర్వము పందెగాండ్రు పెడలుమీద పంజరమువంటి క్లిప్పును బిగించి, అందు కాలివ్రేళ్ళు దూర్చి, తోలుపట్టీతో కట్టుకొనెడివారు. గుఱ్ఱపురౌతునకు అంకవన్నె యెట్టిదో వారికి ఆ క్లిప్పు అట్టిది. అది తొలగినది గనుక దీనికి ‘క్లిప్పు లేనిది’ యని పేరు వచ్చినది. కాలు మాత్రము మునుపటికంటె గట్టిగానే అతుకుకొనును! పేరు పెట్టువారు ఇల్లాండ్ర నడిగినచో ఇంతకంటె మంచిపేరు చెప్పియుందుము.

దీని పనితీరు సులభము. జోటి అడుగున క్లీటు అను చిన్న బిళ్ళ మరలతో బిగింపబడియుండును. దాని ముందుకొనను పెడలులోని కొక్కెమునకు తగిలించి మడమను క్రిందికి నొక్కగా, వెనుకనున్న స్ప్రింగు దవడ టక్కున పట్టుకొనును. విడిపించుటకు మడమను బయటివైపునకు త్రిప్పిన చాలును. పైకి లాగిన సాధారణముగా రాదు. తొట్రుపడినపుడు మనుజుడు కాలిని పైకే లాగును గాని ప్రక్కకు త్రిప్పడు. క్రొత్తవారు పడుటకు ఇదియే హేతువు.

1971లో ఇటలీదేశపు సినెల్లి సంస్థ ఇట్టి పెడలు నొకదానిని చేసినది. దానినుండి కాలు విడిపించుటకు వంగి చేతితో మీటను కదల్పవలసియుండెను. అందుచే అది జనసామాన్యమున నిలువలేదు. ఫ్రాన్సుదేశమున లుక్ అను సంస్థ మంచుపై జాఱు క్రీడకు కాలికట్లు చేసెడిది. క్రీడాకారుడు పడినపుడు కాలు విఱుగకుండ తానై విడిపోవుటయే ఆ కట్టు గొప్పతనము. ఆ యుపాయమునే సైకిలునకు తెచ్చి 1984లో వారు పెడలు చేసిరి. మఱుసటి యేడు బెర్నార్డ్ హీనో దానిపైననే టూర్ ద ఫ్రాన్స్ పందెమును గెలిచెను. 1990లో జపానుదేశపు షిమానో సంస్థ చిన్న లోహపు బిళ్ళతో మఱియొక విధమును తెచ్చినది. కట్టుట ఎల్లరకును ముందే తెలియును. విడిపించుట కుదిరిన పిదపనే ఈ వస్తువు లోకమున వ్యాపించినది.

సుందరకాండ పారాయణము చేయువారికి ఇది క్రొత్తగా తోపదు. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రమునకు హనుమంతుడు లోబడినది విమోచనము కలదని యెఱిగియే గదా! అంజన్న కొండకు ఈ పెడళ్ళతో పోదలచినవారు ఆ ఘట్టమును మఱియొకమాఱు చదువుకొనవచ్చును.

అంగళ్ళవారు చెప్పు మాట యొకటి కలదు: కాలు అతికియుండుటచే క్రిందికి త్రొక్కుటయే గాక పైకి లాగుటయు సాధ్యమై బలము రెట్టింపగునట! ఇది అతిశయోక్తి. పరిశోధకులు కొలిచి చూడగా, పనిగట్టుకొని పైకి లాగుచు త్రొక్కువారు అంతే పనికి ఎక్కువ శక్తిని వెచ్చించినట్లు తేలినది. నిలుకడయైన వేగమున పోవువారికి మామూలు పెడలుతో పోల్చినపుడు శ్రమలో చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. మఱి లాభమేమనగా, కాలు జాఱకుండుటయే. వానలో తడిసిన చెప్పు జాఱి, పెడలు పండ్లు పిక్కను గీచిన బాధ మనలో పెక్కండ్రకు తెలిసినదే. గతుకులపైనను, లేచి నిలబడి త్రొక్కునపుడును పాదము తన తావున స్థిరముగా నుండును. మూడు నాలుగు గంటల ప్రయాణమున ఇది చిన్న సౌఖ్యము కాదు.

ఇక భయము మాట. 2018 సెప్టెంబరు 11వ తేదీన కొండగట్టు ఘాట్ రోడ్డుననే, పరిమితికి మించిన జనముతో కొండ దిగుచున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. వారిలో పలువురు స్త్రీలు. ఆ మలుపులను తలచినంతనే మా ప్రాంతపు ఇండ్లలో గుండె ఝల్లుమనును. కావున కోడలు కాలిని పెడలునకు బిగించుకొని ఆ కొండ నెక్కెదననగా అత్తగారు వలదనుట చాదస్తము కాదు. ఆమెను పెరటిలో కూర్చుండబెట్టి, కాలు విడిపించు విధమును పదిమాఱులు చూపుట మంచిది.

నిజమునకు ఈ పెడళ్ళతో పడుట వేగమున కంటె నిలుచుండు క్షణముననే తఱచు. ఎక్కుడులో సైకిలు మనిషి నడకకంటె మెల్లగా సాగును. మలుపున ఎదుట ఆటో వచ్చినను, కోతి దుమికినను ఊపు తగ్గి రెండు క్షణములలో ప్రక్కకు ఒఱగును. అట్లు నిలుచున్నచోట పడినను మణికట్టు విఱుగవచ్చును. నడివయసు దాటి ఎముకలు పలుచబడిన స్త్రీలు దీనిని తేలికగా నెంచరాదు. కావున మలుపు కనబడకముందే తేలిక గేరునకు మార్చుకొని, నిలుచుట తప్పదని తోచినపుడు బ్రేకు వేయుటకు ముందే ఎడమకాలు విడిపించుకొనవలయును. మన దేశమున ఎడమ ప్రక్కగా పోవుదుము గనుక ఆ కాలు అంచున మోపుట క్షేమము; కుడివైపు ఒఱగినచో వచ్చు బండి క్రిందనే పడుదుము. దిగునపుడు వేగము పెరుగకముందే రెండు బ్రేకులతోను అదుపు చేయుట మామూలు సైకిలునకును చెల్లు నియమమే.

నేర్చుకొనుటకు కొండ తగదు. మేము పెరటి వేపచెట్టును పట్టుకొని, సైకిలు కదల్పకయే, ఒక్కొక్క కాలు రోజునకు ఏబదిమాఱులు తగిలించి విడిపించితిమి. వారము దినములకు మడమ తానై తిరుగనారంభించెను. పిదప ఒక కాలు మాత్రము బిగించి బడి మైదానమున తిరిగి, కడపట రెండును బిగించితిమి. స్ప్రింగు పట్టును సడలించు మర పెక్కు పెడళ్ళకు ఉండును. మొదట దానిని మిక్కిలి వదులుగా నుంచవలెను. ఎటు త్రిప్పినను విడిపోవు క్లీట్లును దొరకును; క్రొత్తవారికి అవియే మేలు.

జోళ్ళలో రెండు తెగలు కలవు. మూడు మరల ప్లాస్టికు క్లీటు అడుగునుండి పొడుచుకొనియుండును. దానితో బండలపై నడచుట చమురు చల్లిన నేలపై నడచుటయే. రెండు మరల చిన్న క్లీటు అడుగులోనికి అణగియుండును గనుక చాయ త్రాగుటకు దిగినను, అంగడికి పోయినను ఇబ్బందిలేదు. మనకు ఇదియే తగినది. ఒక అంగడివాడు మాకు పురుషుల జోళ్ళలో చిన్నవానిని చూపి ఇవియే స్త్రీలవనెను! మడమ వదులైనచో త్రిప్పినపుడు కాలు జోటిలో తిరుగును గాని క్లీటు తిరుగదు, అట్టివి కొనరాదు. క్లీటును బొటనవ్రేలి మొదటి ఉబ్బెత్తు భాగము క్రిందనో, కొంచెము వెనుకనో అమర్చవలెను. వంకరగా బిగించినచో మోకాలు నొచ్చును. రెండు మూడు సవారీల పిదపకూడ మోకాలు నొచ్చుచున్నచో ఓర్చుకొనక, క్లీటును సవరింపవలెను.

సంతకును, పిల్లలను బడికి దింపుటకును తిరుగువారికి ఇది అనవసరము. చీర కట్టుకొని పోవువారికి అసలే పనికిరాదు. రెండు పనులకు ఒకే సైకిలున్నచో, ఒక ముఖము చదునుగాను మఱియొకటి పట్టుగలదిగాను ఉండు పెడళ్ళు దొరకును, చెప్పులతోను త్రొక్కవచ్చును.

కొండపైన గుడి ముందు జోళ్ళు విడువక తప్పదు గదా. వానిని సంచిలో వేసి మూతి బిగించి ఎవరికైన అప్పగింపుడు. అచ్చటి కోతులకు ఏ క్లిప్పైనను విప్పుట తెలియును.