మడతచాకు అలుగు ఏల వదులగును?

పాలకుర్తి ఇండ్లలోని అడకత్తెరకును, పెన్సిలు చెక్కుకొను మడతచాకునకును ఒక పోలిక కలదు: రెండును ఒకే శీలపై తిరుగును. వాడుకలో శీల తల, పిడిరేకుల లోపలివైపు అరిగి సందు ఏర్పడును, అలుగు ఊగులాడును.

సందు స్వల్పమైనను మొనయొద్ద కదలిక హెచ్చును. అలుగు మొదలు 1 సెంటీమీటరు వెడల్పు కలదనియు, శీల నుండి మొన 8 సెంటీమీటర్ల దూరమున నున్నదనియు అనుకొనుడు. 0.1 మిల్లీమీటరు సందుకే మొన ఇరుప్రక్కలకు సుమారు 0.8 మిల్లీమీటరు చొప్పున కదలును. అట్టి అలుగు ఒరిగి వ్రేలిని కోయవచ్చును.

మొదట నిప్పునకు దూరముగా కీలును కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టవలెను. అలుగును మడిచి, శీల యొక్క ఒక తలను ఇనుపదిమ్మెపై ఆనించి, రెండవ తల అంచు చుట్టు చిన్న సుత్తితో మెల్లగా తట్టవలెను. దెబ్బకు లోహము స్థితిస్థాపక అవధిని దాటును. మరల పూర్వరూపమునకు రాదు. తల వెడల్పై రేకులను దగ్గరకు బిగించును. రెండు మూడు దెబ్బలకొకసారి అలుగు తెరచి చూడవలెను. బిగువు మితిమీరినచో చాకు తెరచుకొనదు. చివర ఒక చుక్క నూనె చాలును.

అలుగులోని రంధ్రమే అరిగి కోలగా మారినచో తట్టుట నిష్ఫలము. అప్పుడు కమ్మరిచే రంధ్రమును గుండ్రముగా సరిచేయించి, లావైన శీల వేయించవలెను.